సీలు లేని కాగితాలు

మొదట బండను తడిగుడ్డతో తుడిచాను.
ఆరేదాకా పక్కనే కూర్చున్నాను.
ఉల్లిపొర లాంటి కాగితం పరిచి
నాలుగు మూలలా నాలుగు పలుగురాళ్ళు పెట్టి,
వేపపుల్లల్ని డబ్బాలో మూసి కాల్చిన బొగ్గును
అడ్డంగా పట్టుకుని
చంటిబిడ్డ వీపు తోమినంత మెల్లగా రుద్దాను.

జమ్మలమడుగు బడిలో ఇరవై రెండేళ్ళు
కూజా, మామిడిపండు, జెండా గీయించిన వాణ్ణి.
ఇక్కడ నేను గీసేదేమీ లేదు.
రాయి గీసుకుంటోంది,
చెయ్యి మాత్రం నాది, అరువుకిచ్చాను.

ముందు ఉలిదెబ్బలు తేలాయి.
తర్వాత మంచంకోడు ఒరుసుకున్న చోటు.
తర్వాత మూడు తరాల కొడవళ్ళు నూరి నూరి పడిన పల్లం.
అది తెల్లగా మిగిలిపోయింది, బొగ్గు అందక.

పెన్నలో నీళ్ళు నిలబడితే
ఊరు నీళ్ళ కింద అని తేలిపోయింది.
గోడకో అంకె వేసి పోయారు, ఎర్రరంగుతో.
నేను ఇంటికో కాగితం.
కుళ్ళాయమ్మ అరుగు నలభై ఒకటోది.

"ఏంది సారూ, కొలతలా?"
"కాదమ్మా, బొమ్మ."
"బండకు బొమ్మా!"
కాసేపు చూసి, గొంతు తగ్గించి:
"ఈ కాగితం ఆఫీసులో చూపిస్తే
అరుగుకు గూడా లెక్క కడతారా?
కప్పుకు కట్టినారు, గోడకు కట్టినారు,
అరుగును మాత్రం ఒదిలేసినారు."

నా దగ్గర సీలు లేదు. సంతకం ఉంది,
కింద మూలలో, పెన్సిల్‌తో, కనబడీ కనబడనట్టు.
చెల్లదమ్మా, అన్నాను.
"చెల్లని కాగితానికా ఇంత మసి పూసుకుంటివి"
అని చేతులకు నీళ్ళు పోసింది.

ఆ అరుగు మీద వాళ్ళ మామ చెక్కిన పులిజూదం ఉంది.
ఒక గీత వంకర. ఉలి జారిందట.
వంకరగీత మీదున్న మేక పులికి కనబడదని
ఆ వీధి పిల్లల చట్టం.
కాగితం ఆ వంకరను కూడా పట్టుకుంది,
సరిచేయకుండా.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ లెక్కపుస్తకాలు కుట్టే నూరుల్లా
కాగితాలన్నీ ఎత్తి, దించి, వాసన చూసి
"అక్షరం లేదే, ఎటువైపు కుట్టేది?
మా ఉర్దూ లెక్కనా, మీ తెలుగు లెక్కనా?" అన్నాడు.
ఎటు తెరిచినా ఊర్లోకే పోవాల, అన్నాను.
బీడీ ఆర్పి, సూదికి మైనం రాసుకున్నాడు.
కూలి తీసుకున్నాడు గానీ
దారం లెక్క అడగలేదు.

హైదరాబాదులో దాన్ని అద్దాలపెట్టెలో పెట్టారు.
పేజీ తిప్పడానికి తెల్ల గ్లవుజులు తొడుక్కున్న అమ్మాయి.
ఒకాయన ఆ తెల్లటి పల్లం ముందు చాలాసేపు నిలబడి
"ఎంత వేదన!" అన్నాడు.
వేదన కాదు, కొడవలి.
లోపలే అనుకున్నాను.

ఇప్పుడు కుళ్ళాయమ్మది కొత్త కాలనీలో ఏడో లైను.
అక్కడి గచ్చు మీద కూడా కాగితం పరిచి రుద్ది చూశాను.
ఏమీ రాలేదు. చివరంటా ఒకటే బూడిదరంగు,
పుట్టి ఇంకా కళ్ళు తెరవని ఇల్లు.

పుస్తకం ఆమె ముందు పెట్టాను.
పేజీలు కాదు, ఇళ్ళు తిప్పింది:
"ఇది మద్దిలేటి వాకిలి... ఇది సుంకమ్మ పొయ్యికాడిది...
ఇదెవరిదబ్బా, గాడి ఇట్లుండాది..."
నలభై ఒకటి దగ్గర ఆగి
రెండు పక్కలా అరిచేతులతో అదిమి
గచ్చు మీద పరిచేసింది.
పదిహేను చింతగింజలు తెచ్చింది, మూడు సీసా మూతలు.
"కూసో సారూ. పులులు నీవి."

గంజి చిలకరించి ఆరబెట్టిన బొమ్మే,
అయినా గింజ జరిపినప్పుడల్లా
ఆమె వేలికి కొంచెం అరుగు అంటుకుంటోంది.
గ్లవుజుల అమ్మాయి గుర్తొచ్చింది.
ఆపమని నోటిదాకా వచ్చింది.

కుళ్ళాయమ్మ వేలిని చీరకొంగుకు తుడుచుకుని
ఆఖరి మేకను
వంకరగీత మీద పెట్టింది.

నా పులికి అది కనబడలేదు.